పదకొండు ఎలుకలు

21 జూన్ 2025, శనివారం

పదకొండు ఎలుకల్లో ఎనిమిదింటికి గడ్డ సగానికి తగ్గింది. నాకు ముందే తెలుసు. వాణి మేడమ్ తగ్గదన్నారు, నేను తగ్గుతుందన్నాను. ఈ ప్రాజెక్టుకు ఆవిడ గైడు, కానీ రెండేళ్ళుగా ఎలుకలతో కాపురం చేస్తున్నది నేను.

చేసింది ఇదీ. ఎలుకలకు మనిషి గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ కణాలు పెట్టి గడ్డ పెంచాం. పెద్దవాళ్ళ ఎముక మజ్జలోంచి తీసిన స్టెమ్ సెల్స్‌లో మందు పెట్టి ఎక్కించాం. ఆ కణాలకు ఒక గుణం ఉంది. ఒంట్లో ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడికి పరిగెత్తుతాయి. గడ్డను కూడా దెబ్బే అనుకుని పోతాయి, మందు అక్కడ దించుతాయి. ఇంత అందమైన సంగతి నా జీవితంలో ఇంకొకటి చూడలేదు.

మిగిలిన మూడింటికి గడ్డ పెరిగింది. మేం పంపిన కణాలే దానికి మేత పెట్టినట్టున్నాయి. ఎందుకో చూడాలి.

సాయంత్రం ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను. నాలుగు నిమిషాలు. మన ఒంట్లో కణాలే మన క్యాన్సర్‌ను కరిగించే కాలం వచ్చేసిందన్నాను. మూడింటి సంగతి చెప్పలేదు. మంచి మాట చెప్పేటప్పుడు నసిగితే బాగుండదు. బాలకృష్ణ అన్నకు కూడా పంపాను, అమ్మ వింటే ధైర్యంగా ఉంటుందని.

ఏ అమ్మ అని పక్క టేబుల్ శిల్ప అడిగింది. ఎప్పుడూ ఇదే గోల. నన్ను కన్నది అమ్మీ, మార్కాపురంలో ఉంటుంది. నేను పుట్టగానే అమ్మీకి టైఫాయిడ్ వచ్చి పాలు పడలేదు. అబ్బాకు గొర్రెలు అమ్మే అర్ధవీడు రాములమ్మ తన పిల్లాడితో పాటు నాకూ నాలుగు నెలలు పాలిచ్చింది. ఆమె అమ్మ. ఆ పిల్లాడే బాలకృష్ణ అన్న. మా వాళ్ళలో పాల సంబంధం అంటే రక్త సంబంధమే, అన్నతో పెళ్ళి కూడా హరామ్. ఇది చెప్పేసరికి శిల్ప టీ చల్లారింది.

అమ్మకే ఇప్పుడు ముఖద్వారం క్యాన్సర్. ఆపరేషన్‌కు వీల్లేని దశ. కర్నూలులో కరెంటు మొదలై వారం. రేడియేషన్‌ను మా వైపు అట్లాగే అంటారు.

28 జూన్

కనిగిరి నుంచి ఎవరో తెలియని ఆవిడ తన చెల్లెలి క్యాన్సర్ గురించి ఫోన్ చేసి డాక్టరమ్మా అని పిలిచింది. అమ్మీ ఆ మెసేజ్ ఎవరెవరికి పంపిందో లెక్క లేదు. నేను ఆ డాక్టర్ని కాదని చెప్పాలి. చెప్పాను, కొంచెం ఆలస్యంగా.

5 జూలై, శనివారం, మధ్యాహ్నం 2

బాలకృష్ణ అన్న ఫోన్. అమ్మను హైదరాబాదుకు ఎప్పుడు తోలుకొని రావాల, పరగడుపున రావాల్నా, ఏమన్నా తిని రావొచ్చునా అని అడిగాడు. ఎందుకన్నా అన్నాను. నీ సూదికేమ్మా అన్నాడు.

పదమూడు సిటింగులు అయ్యాక అమ్మ కరెంటు మానేసిందట. బుధవారమే సామాను సర్దుకుని, కర్నూలు డాక్టరమ్మకు చెప్పకుండా వచ్చేసిందట. కడుపులో మంట, విరేచనాలు, ఒళ్ళంతా కాలినట్టు ఉందని. నా బిడ్డ కాడ కాల్చని మందు ఉండంగా ఈ కాలుడు నాకెందుకు అనిందట.

 మార్కాపురం బస్సుకు టికెట్ తీసుకున్నాను.

5 జూలై, సాయంత్రం 6, బస్సులో

లెక్క వేస్తున్నాను. జూన్ 16న మొదలు. బయటి నుంచి ఇరవై ఐదు సిటింగులు, తర్వాత లోపల పెట్టేవి నాలుగు. అన్నీ కలిపి ఎనిమిది వారాల్లో అయిపోవాలి. లాగేకొద్దీ గడ్డ తిరిగి పుంజుకుంటుంది. ఎనిమిది వారాలంటే ఆగస్టు 10. మళ్ళీ ఈ వారంలో మొదలుపెడితే చాలు. దాటితే కష్టం.

నేనే చెడగొట్టాను, నేనే బాగు చేస్తాను. ఒక్క రోజు పని. నా మాట మీద మానేసింది కాబట్టి నా మాట మీదే పోతుంది.

6 జూలై, ఆదివారం, మార్కాపురం

పీర్లు ఊరేగుతున్నాయి. ఆటో దొరక్క బస్టాండు నుంచి నడిచాను.

అమ్మీ గుమ్మంలోనే మొదలుపెట్టింది. రాములమ్మకు నీ ఎముకలోంచే తీస్తారా, నొప్పి ఉంటుందా అని. నా ఎముక ఏంటి అన్నాను. అమ్మీ, అమ్మ ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుని తేల్చేశారు. మజ్జ సరిపోవాలంటే తల్లో బిడ్డో అయివుండాలని ఎక్కడో విన్నారు. నేను ఆమె పాలు తాగాను కాబట్టి నా ఎముక ఆమె పాలతో గట్టిపడింది. కాబట్టి నా మజ్జ ఆమెకు సరిపోతుంది. అయిపోయింది. రెండేళ్ళ నా పీహెచ్‌డీ వీళ్ళకు పది నిమిషాల పని.

పాలు అట్లా పనిచేయవు అమ్మీ అన్నాను. పైనున్న అల్లానే ఆమెను నీకు తల్లి అన్నాడు, కాదనేదానికి నీ మైక్రోస్కోపు ఎవురు అనింది. దీనికి జవాబు ఏ టెక్స్ట్ బుక్‌లోనూ లేదు.

అసలు ఆ మందు మనుషులకు ఇచ్చేది కాదు, ఎలుకల దగ్గరే ఉంది అని అరిచాను. మరి అంతసేపు ఎందుకు చెప్పినావు అని అడిగింది. అబ్బా మధ్యలో వచ్చాడు. ఫోన్లో చెప్తే ఆమె నమ్మదు, రేపు తొలి బస్సుకు పో, ఎదురుగా కూర్చోని చెప్పు అన్నాడు.

7 జూలై, సోమవారం, అర్ధవీడు

నా కోసం పొట్టేలు కాళ్ళు ఉడుకుతున్నాయి.

అమ్మ చిక్కిపోయింది. నన్ను చూసి మొహం వెలిగింది. కూర్చోగానే నా నడుము వెనక ఎముక తడిమింది. ఇక్కడేనంట గదా తీసేది, బాలకృష్ణ ఫోన్లో చూసినాడు అనింది. రెండు రోజులు కాళ్ళ సారు తాగి సంగటి తిను, ఎముకకు బలం వస్తాది, నాకు కావాల్సిన దానికంటే ఎక్కువ తీసుకోనులే అనింది.

తాగాను. తాగుతూనే అరగంట పాఠం చెప్పాను. కాగితం మీద బొమ్మలు గీశాను. కణం, గడ్డ, కరెంటు. అన్న ఊ కొట్టాడు. శివపార్వతి వదిన బొమ్మ బాగుంది అంది. అన్న వాళ్ళ నాన్న, వెంకటసుబ్బయ్య నాయన, నిద్రపోయాడు. అంతా విని అమ్మ అడిగింది, అయితే ఎప్పుడు తీస్తారు అని.

నాకు కోపం వచ్చింది. నాకు ఆకలికంటే కోపం ముందు వస్తుంది. నీ పాలు ఎప్పుడో అరిగిపోయినాయి, నా ఎముకల్లో నీది ఏమీ లేదు, నీకూ నాకూ మ్యాచ్ కాదు అనేశాను.

అమ్మ లేచి గొర్రెల దొడ్లోకి పోయింది.

7 జూలై, సాయంత్రం

అమ్మ నాతో మాట్లాడటం లేదు.

8 జూలై, మంగళవారం, ఉదయం 7

అన్న వేప పుల్ల నములుతూ వచ్చి చెప్పాడు. ఇరవై తొమ్మిదేండ్లుగా మార్కాపురంలో నా బిడ్డుంది అని ఊరంతా చెప్పుకుంటాది, నువ్వు ఏమీ లేదంటివి అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది.

ఏడ్చాను. సిగ్గుపడాల్సిన పని చేశాను, పడుతున్నాను. కానీ ఏడుస్తూ కూర్చుంటే రోజులు ఆగవు. జూన్ 16 నుంచి ఇది ఇరవై మూడో రోజు. మళ్ళీ ప్రయత్నిస్తా.

8 జూలై, మధ్యాహ్నం 1

అయింది. పోతాం. మొత్తం రాస్తాను.

పొద్దున దొడ్లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయేందుకు నట్టల మందు పోస్తున్నారు. అన్న గిద్దలూరు నుంచి కొత్త సీసా తెచ్చాడు, పాతది పనిచేయడం లేదని. మందకంతా పోయబోతుంటే అమ్మ మంచంలోంచి అరిచింది. నాలుగింటికి పోసి రెండు దినాలు చూడు, బాగుంటేనే మందకు పొయ్ అని. అన్న నాలుగింటిని పక్కకు కట్టాడు.

నేను పోయి ఆమె మంచం దగ్గర కింద కూర్చున్నాను. అమ్మా, నా ఎలుకలు కూడా ఆ నాలుగు గొర్రెలే అన్నాను.

తల తిప్పింది. ఎన్ని అనింది. పదకొండు అన్నాను. అక్కడి నుంచి నన్ను దులిపింది. ఒక్క ఈతలో పుట్టినవేనా, వేర్వేరా. ఏం మేపినావు. అన్నిటికీ ఒకే పాళ్ళు పోసినావా. మందు పోయనివి పక్కన పెట్టినావా, పోల్చుకునేదానికి. నా ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

ఎనిమిదింటికి తగ్గింది, మూడింటికి పెరిగింది అని చెప్పాను. మూడింటి సంగతి ల్యాబ్ బయట చెప్పడం ఇదే మొదటిసారి. ఫోన్లో ఆ మూడింటిని ఎందుకు చెప్పలేదు అని అడిగింది. గొప్పగా కనపడాలని అన్నాను. నిజం అదే, వేరే ఏముంది.

అప్పుడు తిట్టింది. రోగం ఉండే గొర్రెను దాచిపెట్టి అమ్మినోన్ని మేము మళ్ళీ దొడ్లో అడుగు పెట్టనీము, నువ్వు నా బిడ్డవై ఉండి అట్ల చేస్తివి అని. తిట్టులోనే బిడ్డ అనింది. 

తర్వాత లెక్కకు దిగింది. కరెంటు పూర్తిగా పెట్టించుకుంటే ఎందరు బాగుపడతారు అనింది. నీ దశలో పది మందిలో ఆరుగురు, ఏడుగురు అన్నాను. నీ కాడ పదకొండుకు ఎనిమిది, నీదే నయం గదా అనింది.  లెక్క కరెక్టు. పర్సంటేజీ నేను ఫోన్లో చూసుకున్నాను కూడా.

ఇంతలో ఆమే అడిగింది. ఆ ఎనిమిది ఇప్పుడు ఎట్ల ఉండాయి, తింటాండాయా అని.

ఒక్కటీ మిగల్లేదమ్మా అన్నాను. ఆరు వారాలకు అన్నిటినీ చంపి, కోసి, గడ్డ కొలిచాం. అట్లానే చేస్తారు.

అమ్మ నా మొహం చూసింది. నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, నొప్పికి మధ్యలో ఆగి, మళ్ళీ నవ్వింది. వదినను పిలిచి చెప్పింది, పదకొండుకు పదకొండూ పోయినాయంటనే, ఈ మందు కోసమా నేను కాళ్ళు ఉడకబెట్టింది అని.

నేనూ నవ్వాను. ఏం చేయను.

నవ్వు ఆగాక చెప్పింది. నీ మందు ఇంకా నాలుగు గొర్రెల కాడనే ఉంది, మందకు వచ్చేదానికి ఏండ్లు పడతాది, అంతదాకా నేను కాల్చుకుంటా, సామాను సర్దు అనింది.

9 జూలై, బుధవారం

కంభంలో బస్సు మారాం. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో అమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది. ప్రతిసారీ నోరు కడుక్కుని ఎలుకల సంగతి తలుచుకుని నవ్వింది. నంద్యాల, కర్నూలు. ఆస్పత్రి పక్కనే అద్దెకు గది. వదినా నేనూ వంతుల వారీగా ఉంటాం.

వాణి మేడమ్‌కు ఫోన్ చేసి నెల సెలవు అడిగాను. కారణం దాచలేదు. ఆ నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ కూడా పంపాను, వినమని. గంట తర్వాత మేడమ్ జవాబిచ్చారు. సెలవు తీసుకోమన్నారు. పేపర్లో పదకొండూ ఒకే గ్రాఫ్‌లో ఉండాలన్నారు. మూడు గీతలు పైకి పోతాయి, పోనీ.

10 జూలై

పద్నాలుగో సిటింగు అయింది. డాక్టరమ్మ చాలా కోపంగా ఉంది, ఎవరమ్మా మానేయమని చెప్పింది అని అడిగింది. అమ్మ నోరు తెరిచేలోపల నేనే అన్నాను. ఏం చదువుకున్నావు అని అడిగింది. చెప్పాను. ఇంకేమీ అడగలేదు, అదే ఎక్కువ తిట్టు.

పోయిన రోజులకు శనివారాలు కూడా పెడతామంది, రెండు సిటింగులు అదనం. ఆగస్టు 8కి అంతా అయిపోతుంది. రెండు రోజులు చేతిలో ఉన్నాయి. అవుతుంది. నేను రాసి ఇస్తా.

17 జూలై

మంట తగ్గడం లేదు. అమ్మ రోజుకు ఎనిమిదిసార్లు పోతోంది. మజ్జిగ అన్నం, అంతే. ఇవాళ అడిగింది, నీ కణాలు దెబ్బ తగిలిన కాడికి పోతాయంటివి గదా, మరి కరెంటుకు కాలిన పేగు కూడా దెబ్బే గదా, దానికి పనికిరావా అని.

కుర్చీలోంచి లేచాను. గడ్డ మీద పంపితే కొన్నిసార్లు గడ్డకు మేత పెడుతున్నాయి. గడ్డ పోయిన తర్వాత, కాలిన చోట మేత పెడితే తప్పేముంది? ఆ దారిలో పనిచేస్తున్నవాళ్ళు వేరే చోట్ల ఉన్నారు, నేనే పట్టించుకోలేదు. క్యాన్సర్‌ను చంపడమే గొప్ప పని అనుకున్నాను. బాగుచేయడం చిన్న పని అనిపించింది.

మేడమ్‌కు మెయిల్ పెట్టాను. ఆలోచన ఎవరిదో రాశాను.

22 జూలై

హిమోగ్లోబిన్ ఏడున్నర. రక్తం ఎక్కిస్తే గానీ, కరెంటుతో పాటు వారానికోసారి ఇచ్చే కీమో రేపు లేదన్నారు. అన్న వచ్చాడు, బ్లడ్ బ్యాంకులో ఇద్దరం ఇచ్చాం. నాది బి పాజిటివ్. అమ్మదీ బి పాజిటివ్. ఇక చూడాలి ఆమె మొహం. నర్సుకు, పక్క బెడ్డుకు, ఊడ్చే ఆమెకు చెప్పింది. మార్కాపురంలో ముగ్గురిలో ఒకరిది ఇదే గ్రూపు అందామనుకున్నాను. నాకు కూడా ఎప్పుడో ఒకసారి నోరు మూసుకోవడం వస్తుంది.

25 జూలై

బయటి కరెంటు అయిపోయింది. గడ్డ బాగా కరిగిందని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి నా వైపు చూసి చెప్పింది.

28 జూలై, సోమవారం

రేపు లోపల పెట్టే మొదటి రేడియేషన్. మత్తు ఇస్తారు. అమ్మ భయపడుతోంది, ఒప్పుకోవడం లేదు.

అమ్మీ మార్కాపురం నుంచి వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, రాములమ్మతో పాలు మాఫీ చేయించుకో అంది. మా ఇళ్ళలో ఉన్నదే. తాగిన పాల రుణం తల్లి నోటితో మాఫీ చేయించుకోవాలి, పెళ్ళికి ముందో, తల్లి పోయే ముందో. నాకు పెళ్ళి లేదు. అంటే అమ్మీ దేనికి అడుగుతుందో తెలుసు. నేను అడగనన్నాను. వరండాలో అందరూ వినేలా అన్నాను. ఆమె చావడం లేదు, నేను అడగను.

అమ్మీ నా మాట వింటుందా. తనే పోయి అమ్మ చెయ్యి పట్టుకుని అడిగింది, నా బిడ్డ తాగిన పాలు మాఫీ చెయ్యక్కా అని. అమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా అమ్మీ ఏడుస్తూ వివరించింది. అంతా విని అమ్మ, నేను మాఫీ చెయ్యను మున్నీ అని అమ్మీతో అనింది. చేసేస్తే ఇది నా కాడికి ఇంక ఎందుకు వస్తాది అని నన్ను చూపించింది.

అమ్మీ ఏడుపు ఆపేసి తలదువ్వడానికి దువ్వెన తీసింది. ఇద్దరూ జడలు వేసుకున్నారు. ఆస్పత్రి వార్డులో, ఒకరికొకరు.

29 జూలై

మొదటిది అయింది. మత్తు దిగుతుంటే అమ్మ గొర్రెలను పేరు పేరునా తిట్టింది.

8 ఆగస్టు, శుక్రవారం

నాలుగోది అయింది. యాభై నాలుగో రోజు.

అవుతుందని రాసి ఇచ్చాను కదా. 

19 సెప్టెంబర్, హైదరాబాదు

కొత్త ప్రాజెక్టు నోట్ ఒప్పుకున్నారు. రేడియేషన్‌కు కాలిన పేగుకు మజ్జ కణాలు. మళ్ళీ ఎలుకలు. ల్యాబ్ మీటింగులో మొదటి స్లైడు పాత మూడు ఎలుకలదే పెట్టాను. రెండో వరసలో ఎవరో గొణిగారు. గొణగనీ.

ఇంటి గ్రూప్‌లో కూడా వాయిస్ మెసేజ్ పెట్టాను. ముప్ఫై సెకన్లు. మొదలుపెట్టాం, ఏండ్లు పడుతుంది, ఎవరూ ఆస్పత్రి మానొద్దు. కనిగిరి ఆవిడకు విడిగా ఫోన్ చేసి చెప్పాను. ఆమె చెల్లెలు కరెంటు మానలేదట. నన్ను నమ్మలేదట. దేవుడు చల్లగా చూడాలి ఆవిడను.

10 నవంబర్, సోమవారం, కర్నూలు

మూడు నెలల స్కాన్. గడ్డ కనపడలేదని రాశారు. డాక్టరమ్మ స్వయంగా లోపల చూసి కూడా అదే చెప్పింది. ఐదేళ్ళు వస్తూ ఉండాలి, మూడు నెలలకొకసారి, మానితే ఊరుకోను అంది.

అమ్మ రిపోర్టు తీసుకుని తిరగేసి చూసింది, చదవడం రాదు. ఈసారి చంపకుండానే చూసినారు గదా అనింది.

అన్న వరండాలో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపు వదిలేశాను.

24 నవంబర్

కొత్త పనికి ఆరోగ్యవంతుల మజ్జ కావాలి. నా పేరు ఇచ్చాను. గురువారం నడుము వెనక తీస్తారు.

ఫారం ఒకటి పాడుచేశాను, ఇంకొకటి అడిగి తీసుకుని, కన్నతల్లి లెక్కన అన్నీ సరిగ్గా నింపాను. పాడైనది ఈ పేజీకి అతికించాను. అందులో తల్లికి క్యాన్సర్ ఉందా అనే చోట అవును, కాదు రెండు గళ్ళూ వదిలేసి, పక్క ఖాళీలో ‘ఉండేది’ అని రాశాను.